కుళాయి వదిలిన వేళ

అంతోని రోడ్డు మధ్య ఇనప మూత పక్కకు లాగి, తన ఎత్తున్న కడ్డీని గోతిలోకి దించి వాల్వు తిప్పాడు. వీధి కుళాయిలో ముందు గాలి, తర్వాత తుప్పునీళ్లు, ఆ తర్వాత మంచినీళ్లు వచ్చాయి. మున్సిపాలిటీలో చేరినప్పటి నుంచీ అతని ఉద్యోగం ఇదే, వదలడం, కట్టడం. పొట్టి మనిషి. కడ్డీ మోసి మోసి కుడిభుజం కాయ కాసింది. వీధిలో సగంమందికి అతని పేరే తెలియదు, నీళ్లాయన అంటారు.

డెబ్భై రెండు చివర్లో ప్రత్యేకాంధ్ర గొడవలు ముదిరాక, ఆ వీధికి ఒక కొసన రిజర్వు పోలీసులు, రెండో కొసన రాళ్లు పోగేసుకున్న కాలేజీ కుర్రాళ్లు. కుళాయి నడిమధ్యన ఉంది. మంచినీళ్లు ఇద్దరికీ కావాలి. ఎవరూ ఒప్పందం చేసుకోలేదుగానీ, నీళ్లు వస్తున్నంతసేపూ రాయి లేవదు, లాఠీ లేవదు. అంతోని వాల్వు కట్టి మలుపు తిరిగాకే మళ్లీ యుద్ధం. ఇంతటి పెత్తనం తన చేతికొచ్చినందుకు అతను లోలోపల మురిసిపోయేవాడు. పైకి మాత్రం మొహం ముటముటలాడించుకునేవాడు.

ఆ రోజు క్రిస్మస్. భార్య శౌరమ్మ అరిసెలు తెచ్చి లైనులో ఉన్నవాళ్లందరికీ పంచింది. నుదుటికి నెత్తుటి కట్టుతో వచ్చిన పామర్రువాడైన రిజర్వు కానిస్టేబులు సాంబశివరావు, తన ముందున్న కాలేజీ కుర్రాడు జాన్‌బాబును ఎగాదిగా చూశాడు.

"నిన్న రాయేసింది నువ్వే కదూ?"

"నేనేనండీ. తగులుద్దనుకోలా."

"తగిలిందిగా! జరుగు, ముందు నన్ను నీళ్లు పట్టుకోనీ."

అందరూ నవ్వారు. జాన్‌బాబు సిగ్గుపడి జరిగాడు.

"టైమైంది, కట్టవా?" అంది శౌరమ్మ.

"పండగ పూట కాసేపు రానియ్యవే," అన్నాడు అంతోని. సర్వీసులో ఎన్నడూ చెయ్యని పని అది.

డ్యూటీ మారే పోలీసు దళం రోజూ నీళ్లు ఆగాకే వచ్చేది. వాళ్లకు ఈ కుళాయి సంగతి తెలియదు. ఆ రోజు వాళ్ల లారీ వచ్చేసరికి తలకు కట్టుతో తమ మనిషి, చుట్టూ కుర్రాళ్లు కనబడ్డారు. మనవాణ్ణి చంపేస్తున్నారనుకున్నారు. తుపాకులు లేచాయి.

అంతోని కడ్డీ భుజాన ఉండగానే వాళ్లకు ఎదురు పరిగెత్తాడు. "ఆగండి బాబూ! ఇంకా నీళ్లొస్తన్నాయి!"

ఒక్కటే పేలింది.

"కాల్చొద్దు, మనోడే!" సాంబశివరావూ జాన్‌బాబూ ఒకేసారి అరిచారు. అప్పటికే అంతోని మోకాళ్ల మీద కూలి పక్కకు ఒరిగిపోయాడు. శౌరమ్మకు ఏడుపు రాలేదు. "పండగయ్యా, ఇవాళ పండగ," అని లారీవాళ్లకు చెబుతూనే ఉంది.

కాళ్లు కానిస్టేబులూ, భుజాలు జాన్‌బాబూ పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. ప్రాణం దారిలోనే పోయింది.

వాల్వు కట్టడం వీధిలో ఇంకెవరికీ చేతకాదు. కుళాయి కింద సాంబశివరావు వదిలేసి వెళ్లిన ఖాకీగుడ్డ చుట్టిన నీళ్లసీసా నిండిపోయి, పొద్దుగూకేదాకా పొర్లుతూనే ఉంది.