మునగాల బావ మీద కట్టిన పాట

పెళ్ళి పందిట్లో బావ మీద బామ్మర్ది పాట కట్టి ఆటపట్టించడం కొత్తేమీ కాదు. బంతిలో కూర్చున్నవాళ్ళు నవ్వుతారు, ఆ బావ కూడా మీసాల చాటున నవ్వుకుంటాడు, విస్తళ్ళు ఎత్తేసరికి అందరూ మరిచిపోతారు. మల్లేష్ చేసిన తప్పల్లా ఒకటే. పందిట్లో నలభై మంది ముందు పాడాల్సిన పాటను, బావ పేరూ ఊరూ మార్చకుండా, తీసుకుపోయి క్యాసెట్‌లో పాడాడు.

అది 2003. తిరుమలగిరి పక్క పల్లెలో గొర్లు కాసుకునే ఇల్లు వాళ్ళది. మల్లేష్‌కు ఇరవై మూడేళ్ళు. చదువు అంతంత మాత్రమే గాని గొంతు మాత్రం దేవుడిచ్చాడు. సూర్యాపేటలో క్యాసెట్ల దుకాణం నడిపే శ్రీనివాస్ ఒక జాతరలో అతని పాట విని, పది పాటలతో క్యాసెట్ వేశాడు. తొమ్మిది పాటలు ఎలా ఉంటాయో ఈనాడు మల్లేష్‌నే అడిగినా చెప్పలేడు. పదోది మాత్రం మండలాలు దాటి పోయింది.

"పొట్టేలు వచ్చె, బావ చెట్టెక్కె
మునగాల కొమురయ్య కొమ్మెక్కె
దిగు బావ దిగు బావ, పొట్టేలు పాయె
దిగనంటె దిగడాయె, పొద్దు గూకిపాయె"

కొమురయ్య అంటే మల్లేష్ అక్క యాదమ్మ మొగుడు. కొత్తల్లుడిగా అత్తగారింటికి వచ్చిన మూడోనాడు, పొట్టేలు మీదికొస్తే తెల్ల పంచెతోటే వేపచెట్టు ఎక్కిన మాట వాస్తవం. గొర్ల మందలో పుట్టి పెరిగిన మనిషి పొట్టేలుకు జడిసి చెట్టెక్కాడంటే ఎవరు మాత్రం నవ్వాపుకుంటారు? హైవే మీద లారీలు ఆ పాట మోసుకుపోయాయి. ట్రాక్టర్లలో అదే, వినాయక నిమజ్జనంలో అదే. కోదాడ బ్యాండు మేళం వాళ్ళయితే దాన్ని వాయించకుండా ఒక్క బరాతునూ ఇల్లు చేర్చలేదు.

కొమురయ్య బతుకు మాత్రం బజారున పడింది. గొర్లు అమ్ముకుందామని సూర్యాపేట అంగడికి పోతే, మొహం తెలియని బేరగాడు కూడా "దిగినవా కొమురన్నా?" అని అడిగేవాడు. నాలుగు వారాలు ఓర్చుకున్నాడు. అయిదో వారం మంద మొత్తం తన తమ్ముడికి అప్పజెప్పి, రెండు బర్రెలను కొనుక్కుని ఇంటిపట్టున ఉండిపోయాడు. "నీ తమ్ముడు నా గడప తొక్కొద్దు" అని యాదమ్మతో ఒకే ఒక్క మాట అన్నాడు. యాదమ్మ అడకత్తెరలో పోకచెక్క అయింది.

మల్లేష్ ఇంకో మూడు క్యాసెట్లు పాడాడు. ఒక్కటీ నిలబడలేదు. ఏ ఊళ్ళో స్టేజీ ఎక్కినా జనం మొదటి పాట అయిపోకముందే "దిగు బావ, దిగు బావ" అని కేకలేసేవాళ్ళు. కొన్నాళ్ళకు క్యాసెట్లే పోయాయి. శ్రీనివాస్ అదే దుకాణంలో సెల్‌ఫోన్లు అమ్మడం మొదలుపెట్టాడు. మల్లేష్ మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో గుమాస్తాగా కుదిరాడు. పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, వేళకు తిండి. అక్కడి హమాలీలు కూడా అతన్ని దిగుబావ అనే పిలిచేవాళ్ళు. అతనికి అది ఇష్టంగానే ఉండేది. ఆ సంగతి దాచుకోవడం ఎందుకు?

దాచుకున్న సంగతి వేరే ఉంది. ఆనాడు పొట్టేలు తరిమింది కొమురయ్యను కాదు. దాని కొమ్ములు పట్టుకుని ఆటాడబోయిన పదకొండేళ్ళ మల్లేష్‌ను. కొమురయ్య పరుగున వచ్చి పిల్లవాణ్ణి ఎత్తి కొమ్మ మీదికి తోశాడు. అప్పటికి పొట్టేలు తన వెనకే ఉంటే ఇక దారిలేక తానూ ఎక్కాడు. ఇంట్లోవాళ్ళు వచ్చేసరికి చెట్టు మీద కనిపించింది తెల్ల పంచె. ఆకుల్లో నక్కిన మల్లేష్ ఎవరికీ కనబడలేదు, కనబడ్డాక ఎవరూ అడగలేదు. కొమురయ్య నవ్వి ఊరుకున్నాడు. పాట కట్టేటప్పుడు మల్లేష్‌కు ఇదంతా గుర్తుంది. పెడితే నవ్వు చచ్చిపోతుందని పెట్టలేదు. పదేళ్ళుగా ఆ ముల్లు లోపల కదులుతూనే ఉంది.

2013 మాఘమాసంలో యాదమ్మ ఫోన్ చేసింది.

"తమ్మీ, మన సరళ పెండ్లి కుదిరింది. కోదాడ సంబంధం. మేనమామ గంపల ఎత్తుకొస్తెనే పందిట్లకు వస్తనని పిల్ల మొండికేసింది. మీ బావ రమ్మన్నడు."

మల్లేష్ ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"ఒక్కటే మాట అన్నడు. ఆ పాట పందిట్ల ఇనబడొద్దట."

"ఇనబడది అక్కా" అన్నాడు మల్లేష్.

పెళ్ళినాడు తెల్లవారకముందే మునగాల చేరాడు. బావ ఎదురొచ్చాడు. జుట్టు సగం నెరిసింది. "వచ్చినవా" అని మాత్రం అని పక్కకు తప్పుకున్నాడు. మల్లేష్ నేరుగా బ్యాండు వాళ్ళ దగ్గరికి పోయాడు. మేస్త్రీ కోదాడ మనిషి, చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"మీరేనా అండీ ఆ పాట పాడింది? మా నాన్న దగ్గర నేను మొదట నేర్చుకున్నది అదేనండీ."

"నీకు దండం పెడత. గియ్యాల మాత్రం అది వాయించకు" అన్నాడు మల్లేష్. మేస్త్రీకి ఏమీ అర్థం కాలేదు గాని తలూపాడు.

మేనకోడల్ని గంపలో కూర్చోబెట్టుకుని మోస్తుంటే మల్లేష్‌కు కళ్ళు మసకబారాయి. తప్పటడుగుల వయసులో చంకనేసుకు తిరిగిన పిల్ల. నడుమ పదేళ్ళు ఎట్లా పెరిగిందో చూడనే లేదు. తలంబ్రాలు అయ్యాయి. ఇక గండం గడిచినట్టే అనుకుంటూ మధ్యాహ్నం బంతిలో కూర్చున్నాడు.

అప్పుడు లేచాడు పెళ్ళికొడుకు తండ్రి రామనర్సయ్య. మంచి మనిషే. లోపలి సంగతి తెలియదు, అంతే.

"ఏమండీ వియ్యంకుడు గారూ, ఆ పాటలో కొమురయ్య మీరేనని ఇప్పుడే తెలిసింది. పాడిన మనిషీ మన బంతిలోనే ఉన్నాడంట. ఒక్కసారి పాడిస్తే మావాళ్ళంతా సంతోషిస్తారు."

పందిరి చప్పున చల్లబడింది. వడ్డించే యాదమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. కొమురయ్య తల వంచుకుని అన్నం కలుపుతున్నాడు. కలిపిన అన్నాన్నే మళ్ళీ కలుపుతున్నాడు.

వద్దంటే వియ్యంకుడి మాట పోతుంది, పాడితే బావ పోతాడు. మల్లేష్ లేచి నిలబడ్డాడు. పదేళ్ళ కిందటే పాడవలసింది, అదే వరసలో పాడాడు.

"పొట్టేలు తరిమింది బావను గాదు
పోకిరి బామ్మర్దిని, బావను గాదు
పిలగాన్ని ఎత్తి కొమ్మ మీదేసి
ఆఖరికి ఎక్కిండు మునగాల బావ"

ఒక్కరూ నవ్వలేదు. వియ్యాలవారు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సరళ మాత్రం తండ్రి వైపు చూస్తోంది.

"ఆ పిలగాడు నేనే" అన్నాడు మల్లేష్. "నన్ను కాపాడినోన్ని నేనే నవ్వులపాలు జేసిన."

కొమురయ్య ఎడమచేత్తో చెంబెత్తి నీళ్ళు తాగాడు.

"నువ్వు జెప్తవేమో అని పదేండ్లు సూసిన" అన్నాడు చివరికి. "మంది నవ్విండ్రని కాదురా. నీకు ఎరికుండి గూడ జెప్పకపోతివని."

"తప్పయింది బావా."

"అయింది. ఇగ ఖతం." తల ఎత్తి బామ్మర్ది వైపు చూశాడు. మీసాలు కొంచెం కదిలాయి. "గని గిదేం పాటరా? నవ్వు లేదు, ఊపు లేదు. వియ్యాలోల్లు ఎట్ల కూసున్నరో సూడు. పాతదే పాడు."

"పాతదా?"

"పాతదే. నా పేరు గూడ అట్లనే ఉండనియ్యి."

మల్లేష్ అందుకున్నాడు. మేస్త్రీ ఎంగిలిచెయ్యి కడుక్కోకుండానే డప్పు దగ్గరికి పరుగెత్తాడు. రెండో వరుసకే బంతి బంతంతా ఎత్తుకుంది, కోదాడవాళ్ళూ మునగాలవాళ్ళూ అన్న భేదం లేకుండా. 'దిగనంటె దిగడాయె' దగ్గర అందరికంటే గట్టిగా వినిపించిన గొంతు కొమురయ్యది. శ్రుతి లేదు, తాళమూ లేదు. మల్లేష్ కట్టిన కొత్త చరణాన్ని ఆ తర్వాత ఎవరూ ఎక్కడా పాడమనలేదు, అతనూ పాడలేదు. వినవలసిన మనిషి ఒకసారి విన్నాడు, అది చాలు అనుకున్నాడు.