మచ్చలు రాలాక

ఉప్పు చల్లినట్టే ఉండేవి, ఇప్పుడు ఒక్కటీ లేదు, రెక్కల అంచుల్లో లేదు, తోక మొదట్లో లేదు, పసుపు చేప నిమ్మపండంత శుభ్రంగా ఉంది, గొట్టపు ముక్కలోంచి బయటికొచ్చి నా వేలి కోసం చూస్తోంది, నా వేలి కోసం కాదు, వీబె వేలి కోసం, చేపకు తేడా తెలుసో తెలియదో, ఇక తీసుకెళ్ళి పెద్ద తొట్టిలో వేసెయ్యవచ్చు, వల చేతిలో ఉంది, బకెట్ కాళ్ళ దగ్గర ఉంది, ఈ వెనక గదికీ ముందు గదికీ మధ్య వంటగది ఒక్కటే అడ్డం, రేపు ఆదివారం, మా ఆయన వీబె పుట్టినరోజు, అతను లేకుండా వచ్చే మొదటి పుట్టినరోజు, అయినా అందరూ వస్తారు, వస్తామని వాళ్ళక్క ఔక్యె పొద్దున ఫోన్ చేసి చెప్పింది, అడగలేదు, చెప్పింది, మచ్చలు పోయాయన్నావుగా గేస్కే, ఇంకా వాటిని ఆ మూల గదిలో ఎందుకు మగ్గబెడతావు, రేపు అందరం గుండ్రంగా కుర్చీలేసుకుని ఖాళీ నీళ్ళకేసి చూస్తూ కూచోవాలా, ఖాళీ కాదు ఔక్యె, రొయ్య ఉంది, నత్తలున్నాయి, పగడాలున్నాయి అన్నాను, సరే, రొయ్యకే చెబుతాంలే శుభాకాంక్షలు అంది, అని తనే ఆగిపోయింది, మా దగ్గర పుట్టినరోజు నాడు ఇంట్లో ఉన్న ప్రతివాళ్ళ చెయ్యీ పట్టుకుని శుభాకాంక్షలు చెబుతాం, భార్యకి, అక్కకి, పక్కింటివాళ్ళకి కూడా, రేపు గుమ్మంలో ఎవరు ఎవరికి ఏం చెప్పాలో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు, పిల్లలకు మాటలు నేర్పడమే ఇన్నేళ్ళుగా నా పని.

ఔక్యె అన్నదాంట్లో అబద్ధమేం లేదు, ఖాళీ తొట్టిని చూస్తూ కూచోవడం కష్టం, నేను రోజూ కూచుంటున్నాను గనక తెలుసు, మా వీధిలో ఎవరూ కిటికీకి తెర వెయ్యరు, వీబె తొట్టిని కిటికీ పక్కనే పెట్టించింది కూడా అందుకే, రేవుకు పోయేవాళ్ళు, కుక్కను తిప్పేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు, ఇప్పుడూ ఆగుతారు, నీలి వెలుగులో రాళ్ళూ ఊగే పగడాలూ చూస్తారు, వెనకాల కుర్చీలో నన్ను చూస్తారు, చెయ్యి ఊపాలో వద్దో తేలక వెళ్ళిపోతారు, రెండు వీధుల అవతల సముద్రం పెట్టుకుని తొట్టికి ఉప్పు బస్తాలు కొనే పిచ్చివాణ్ణి ఈ హార్లింగెన్ ఊరు మొత్తానికి నేనొక్కణ్ణే అనేవాడు వీబె, పగలంతా ఫెర్రీ ఇంజన్లతో కుస్తీ పట్టి వచ్చి, నూనె వాసన పోయేదాకా చేతులు కడిగి, కడిగిన చేతుల్ని మళ్ళీ వాసన చూసుకుని, అప్పుడు గాని నీళ్ళలో పెట్టేవాడు కాదు.

ఈ జబ్బు నీలి చేపతో వచ్చింది, అంత్యక్రియలయ్యాక అక్వేరియం క్లబ్బువాళ్ళు ఇంటికొచ్చారు, అందరూ పూలు తెచ్చారు, డౌవె మాత్రం కోటు లోపల, ఒంటి వెచ్చదనంలో, నీళ్ళ సంచీలో బొటనవేలంత నీలి చేపను తెచ్చాడు, వీబె ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నాడు, దొరికేసరికి ఇలా అయింది అన్నాడు, కొత్త చేపను వారాల తరబడి విడిగా ఉంచి చూశాక గాని పాతవాటిలో కలపకూడదని ఆ గదిలో అందరికీ తెలుసు, అప్పటికి నాకూ తెలుసు, ఆ రోజు ఆ మాట అనడానికి ఎవరికీ మనసొప్పలేదు, డౌవె సంచీ మూతి విప్పాడు, నీలిది రాళ్ళలోకి జారిపోయింది, పెద్దవాళ్ళు, ముసలివాళ్ళు, అందరూ కళ్ళు తుడుచుకున్నారు, కొన్నాళ్ళకు నీలిది రాళ్ళకు ఒళ్ళు రుద్దుకోవడం మొదలెట్టింది, ఆపైన తెల్ల మచ్చలు, నీలిది పోయింది, చారలది పోయింది, మిగిలిన పసుపుదాన్నీ నారింజ జంటనూ పట్టి ఇక్కడికి తెచ్చాను, రాగి మందు పెద్ద తొట్టిలో పోస్తే రొయ్యా నత్తలూ పగడాలూ బతకవు, ఇక్కడ ఇసుక లేదు, రాళ్ళు లేవు, నీళ్ళూ, రాగీ, చేపలు దాక్కోవడానికి ప్లాస్టిక్ గొట్టపు ముక్కలూ, రోజూ చిన్న గాజుగొట్టంలో నీళ్ళు తీసి, చుక్కలు వేసి, రంగు చూడాలి, నీలం తగ్గితే ఆ మచ్చల్లోని పురుగు చావదు, ఎక్కువైతే చేప చస్తుంది, ఆస్పత్రిలో వీబెకు ఎక్కించిన మందూ అలాంటిదే, ఒంట్లో పెరిగేదాన్ని చంపాలి, మనిషిని చంపకూడదు, పైన వేలాడే సంచీలోంచి చుక్క, ఆగి, మరో చుక్క, వద్దు, అటు వెళ్ళను.

మధ్యాహ్నం డౌవె వచ్చాడు, టోపీ తియ్యలేదు, కాఫీ తాగాడు, బిస్కెట్ ముట్టుకోలేదు, ఈ తొట్టి ముందు మోకాళ్ళ మీద కూచుని చాలాసేపు చూశాడు, చూపుకి బాగానే ఉంది అన్నాడు, అయితే వేసెయ్యనా అన్నాను, చెప్పడానికి నాకు నోరెక్కడిది గేస్కే, నా చేత్తో నేను మోసుకొచ్చిన జబ్బు, అన్నాడు, కాఫీ కప్పు నా చేతికిచ్చి, వీబె అయితే వెయ్యడు అన్నాడు, ఔక్యెకు కోపం వస్తుందన్నాను, ఔక్యె కోపం పొద్దుగూకేదాకా, పురుగు కోపం వేసవి దాకా, అని నవ్వబోయి మానేసి సైకిలెక్కి వెళ్ళిపోయాడు, గాలికి ఎదురు తొక్కుతుంటే వీపు ఎంత చిన్నగా కనిపించిందో.

వీబె అయితే వెయ్యడు, నిజమే, అతని గొంతే వినిపిస్తోంది, ఇదే గది, మోచేతుల దాకా తడి, మచ్చలు పోయాయని సంబరపడేది కొత్తవాళ్ళు టీచరమ్మా, అవి పోలేదు, దిగాయి, కడుపు నిండిన పురుగు చేపను వదిలి ఇసుకలోకి దిగుతుంది, గట్టి గూడు కట్టుకుని పడుకుంటుంది, లేచేటప్పుడు ఒకటి లేవదు, వందలు లేస్తాయి, గూట్లో ఉన్నదాన్ని ఏ మందూ ఏమీ చెయ్యలేదు, పెద్ద తొట్టిలో చేపన్నది లేకుండా ఉంచాలి, లేచినవి తిండి దొరక్క వాటంతటవే చావాలి, అందాకా ఆ ఖాళీని ఓర్చుకోవాలి, అదే కష్టం, మందు పొయ్యడం ఎవరైనా పోస్తారు, చేప నిగనిగలాడే రోజే నాకు భయం, అన్నాడు, ఎప్పుడన్నాడు, అప్పుడు మా చేపలకు ఏ జబ్బూ లేదే, పసుపుది బాగుంది, చారలది బాగుంది, మరి ఈ పాఠం నాకెందుకు చెప్పాడు, నేను విసుక్కున్నాను కూడా, ఇప్పుడే చెప్పాలా వీబె అన్నాను, నా వేళ్ళు జిగటగా ఉన్నాయి, తుడుచుకోవడానికి గుడ్డ వెతుక్కుంటున్నాను, గులాబీరంగు చక్కెర, కేకు పైపూత, కేకు.

ఆ రోజే, ఆకులు రాలే రోజులు, ఆస్పత్రిలో డాక్టరమ్మ కంప్యూటర్ తెర మా వైపు తిప్పి, ఏమీ కనిపించడం లేదు, శుభ్రంగా ఉంది అంది, నేను ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు, వీబె థాంక్స్ చెప్పి కోటు వేసుకున్నాడు, ఇంటికొచ్చేసరికి ఔక్యె గులాబీపూత కేకుతో గుమ్మంలో ఉంది, నీ మొగుడు గట్టివాడు, ఇంజన్లనే బాగుచేసినవాడు అంది, అందరం తిన్నాం, అతనూ ఒక ముక్క తిన్నాడు, అటుపైన లేచి ఈ గదిలోకొచ్చి, టీచరమ్మా, ఇటొకసారి రా అని పిలిచాడు, ఉప్పు ఎంత కలపాలో, రంగు ఎలా చూడాలో, మచ్చలు రాలాక ఏం చెయ్యాలో అన్నీ చెప్పాడు, సంతోషంలో చెబుతున్నాడనుకున్నాను, చలికాలమంతా అలాగే అనుకున్నాను, గడ్డకట్టిన కాలవ వెంట నడిచాం, వేసవికి ద్వీపంలో గది తీసుకుందామని నేనంటే తీసుకుందాం అన్నాడు, ఒక్కసారీ కాదనలేదు.

నిగనిగలాడే రోజే నాకు భయం, అతనన్నది చేపల గురించి కాదు.

వలను మేకుకు తగిలించాను, బకెట్ బోర్లించాను, పసుపుది మళ్ళీ గొట్టంలోకి వెళ్ళింది, వెళ్ళనీ, బతుకుతుంది, రేపు కుర్చీలు గుండ్రంగానే వేస్తాను, వచ్చినవాళ్ళు ఖాళీ నీళ్ళకేసే చూస్తారు, నేనూ చూస్తాను, తన జబ్బూ పోలేదని అతనికి తెలుసు, ఆస్పత్రిలో కోటు వేసుకునేటప్పుడే తెలుసు, తెలిసి కూడా ఈ గదిలోకి వచ్చేముందు కత్తి తీసుకుని నా పళ్ళెంలో రెండో ముక్క తనే కోసి పెట్టాడు, పెద్ద ముక్క, తినేసి రా అన్నాడు.