మిగిలిన మధ్యాహ్నం

“ఈ రోజుల్లో ఇంటిపనంటూ ఏముంది? అన్నీ మెషీన్లే చేసి పెడుతున్నాయి.”

సోఫా మీద గుట్టగా పడి ఉన్న బట్టలను ఆమె మడతపెడుతుంటే, పక్కనే కాళ్ళు చాపుకుని కూర్చున్న భర్త అన్న మాట ఇది. నొప్పించాలని అన్నది కాదు. బయట ఎండగా ఉందని చెప్పినంత మామూలుగా అన్నాడు. మెషీన్ ఉతికిన మాట నిజమే. కానీ జేబుల్లో మరిచిపోయిన కాగితాలు తీయడం దానికి రాదు. రంగు వదిలే చొక్కాను పక్కన పెట్టడం రాదు. ఆరేయడం, ఏ మేజోడుకు ఏది జతో వెతకడం అసలే రాదు. పైగా ఆ మెషీన్ రాకముందు ఒక్కో తువ్వాలు నాలుగు రోజులు వాడిన మనుషులు, అది వచ్చిన మర్నాటి నుంచి పూటకొకటి చొప్పున పడేయడం మొదలుపెట్టారు. మిక్సీ వచ్చినప్పుడూ ఇదే తంతు. “క్షణంలో అయిపోతుందిగా, ఇంకో రకం కూడా చెయ్యమ్మా” అంది అత్తగారు, ఎంతో ప్రేమగా. ఇంటికొచ్చిన ప్రతి యంత్రమూ ఆమెకు కాస్త సమయం మిగిల్చింది. మిగిలిన ఆ కాస్తనూ ఎవరో ఒకరు వచ్చి పట్టుకుపోయారు.

ఆఫీసులోనూ ఆమె చేసేది మడతపెట్టే పనే. ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఆఫీసు అది. పేషెంట్ల వివరాలు నింపే స్క్రీన్లు ఆమె వంతు. ప్రతి ఆసుపత్రికీ ఆ స్క్రీను కొంచెం వేరుగా కావాలి. ఒకరికి పుట్టినతేదీ పైన ఉండాలి, ఇంకొకరికి కింద ఉండాలి. కోడ్ మాత్రం దాదాపు ఒకటే. పాత ఫైలు నుంచి కాపీ చేస్తే ఎక్కడో ఒకచోట పాత ఆసుపత్రి పేరు మారకుండా ఉండిపోయేది, కొత్త ఆసుపత్రివాళ్ళు ఫోన్ చేసి నవ్వేవారు. అందుకని ఆమె అంతా మళ్ళీ మొదటి నుంచి చేత్తోనే కొట్టేది. “ఈ పనికి మీరే కరెక్ట్ మేడమ్. మీకున్న ఓపిక మాలో ఎవ్వరికీ లేదు” అనేవాడు టీం లీడర్. ఆ మాట పట్టుకుని కుర్రాళ్ళు ఆమెకు ఓపికమ్మ అని పేరు పెట్టేశారు. మొదట్లో ఆమె మురిసిపోయింది కూడా! ఓపిక అన్నది పొగడ్త కాదు, పని అంటగట్టే పద్ధతి అని తెలిసేసరికి కొన్నేళ్ళు గడిచాయి. మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి అని పెద్దలు ఊరికే అనలేదు.

ఆమె మనసంతా వేరే పని మీద ఉంది. డాక్టరు మందులు రాస్తుండగానే, ఒకదానికొకటి పడని మందులుంటే హెచ్చరించే ప్రోగ్రాం ఒకటి ఆఫీసులో త్వరలో మొదలు కాబోతోంది. ఆ సంగతి విన్నప్పుడే, అది తను చెయ్యాల్సిన పని అనిపించింది ఆమెకు. అత్తగారి మాత్రల డబ్బాలో పొద్దుటివీ రాత్రివీ సర్దేది ఆమే. ఎముకల డాక్టరు రాసిన మాత్ర గుండె డాక్టరు రాసినదానితో పడదని, మందుతోపాటు వచ్చిన కాగితం మీది సన్నటి అక్షరాలు చదివి పట్టుకున్నదీ ఆమే. ఆ పని తనకిమ్మని అడిగింది. “అది చాలా ఆలోచించాల్సిన పని మేడమ్. చదవాలి, టైం పెట్టాలి. మీకేమో ఇల్లు, పాప...” అని టీం లీడర్ జాలిగా తల ఊపాడు. అతనికీ ఇల్లుంది, పాపా ఉంది. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది.

టైం కావాలి, సరే. ఎక్కడి నుంచి తేవాలి? ఇంట్లో అడిగితే నవ్వుతారు. ఉన్న పనిలోంచే మిగుల్చుకోవాలి అనుకుంది.

ఆ శనివారం పొద్దున కూతురి ఈత క్లాసు దగ్గర, తడి నేల మీద వేసిన ఇనప బల్ల మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. ప్రోగ్రాములు టైపు చేసుకునే ఎడిటర్‌కు ప్లగిన్ అని ఒక పనిముట్టు తగిలించుకోవచ్చని ఎక్కడో చదివింది. పదేపదే రాసే కోడ్‌ను దానికి ఒక్కసారి నేర్పితే చాలు, ఆ తర్వాత మూడక్షరాలు కొట్టి ట్యాబ్ అనే మీట నొక్కగానే మొత్తం రాసి పెడుతుంది. మారాల్సిన చోట మాత్రం ఆగి, ఇక్కడ ఏ పేరు పెట్టమంటావని అడుగుతున్నట్టు నిలబడుతుంది.

చెప్పుకోవడానికి బాగానే ఉంది గానీ, తగిలించుకునేటప్పుడు అది తిప్పలు పెట్టింది. ఎడిటర్ పాతదైపోయిందంది. ఆమె కొత్తది ఎక్కించింది. సెట్టింగుల ఫైలు చదవలేనంది. ఎర్ర అక్షరాలు వచ్చి కూర్చున్నాయి. “సెట్టింగులు ముట్టుకోకు, అన్నీ పోతాయి. నేనొచ్చి చూస్తాలే” అనే భర్త గొంతు చెవిలో వినిపించింది. ఫోన్ కొన్నా, టీవీ కొన్నా అతనిది అదే మాట. అతను పనిచేసేది బీమా ఆఫీసులో. ప్రోగ్రాములు రాసి జీతం తెచ్చుకునేది ఆమె. అయినా ఆ ఇంట్లో సెట్టింగులన్నీ అతని శాఖ కిందే ఉండేవి, అందులో వింతేముందని ఆమెకూ ఏనాడూ తోచలేదు. తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండింది. ఎర్ర అక్షరాలను ఎవరిదో సణుగుడులా పక్కకు నెట్టెయ్యకుండా నింపాదిగా చదివింది. చివరి వరస చివర ఒక కామా ఎక్కువ పడింది, అంతే. దాన్ని చెరిపేసింది. మూడక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కింది.

స్క్రీను నిండా కోడ్ పరుచుకుంది. తను ఇన్నేళ్ళుగా వేళ్ళు నొప్పిపుట్టేలా కొట్టిన కోడ్, ఒక్క తప్పు లేకుండా, రెప్పపాటులో.

ఆమె పైకే నవ్వేసింది. బల్ల మీది తల్లులందరూ తిరిగి చూశారు. “ఏంటండీ, అంత నవ్వొచ్చే విషయం?” అంది పక్కావిడ.

“నా పని అయిపోయిందండీ.”

“ఆ ముక్క ఆడవాళ్ళం ఎప్పుడైనా అన్నామా?” అని ఆవిడా నవ్వింది.

సోమవారం, సాయంత్రందాకా పట్టే స్క్రీను భోజనాల వేళకే పూర్తయింది. సంతోషం పట్టలేక భర్తకు ఫోన్ చేసి చెప్పింది. అతనూ సంతోషించాడు, పాపం. “బ్రహ్మాండం! అయితే ఇంక సాయంత్రాలు పెందలాడే వచ్చెయ్. అమ్మని కళ్ళ డాక్టరుకి చూపించాలి. పాప లెక్కల ట్యూషన్ మాన్పించేద్దాం, నువ్వే చెబుదువుగాని. మా ఆఫీసువాళ్ళని కూడా ఎప్పట్నుంచో భోజనానికి పిలుద్దామనుకుంటున్నాం కదా...” ఫోన్ పెట్టేసి టీం లీడర్‌కు చెప్పింది. “సూపర్ మేడమ్! అయితే పక్క టీం స్క్రీన్లు కూడా మీకే ఇచ్చేస్తా” అన్నాడతను. ఇద్దరికి చెప్పింది, ఇద్దరే. టీ వేళకు ఆమె మధ్యాహ్నం పంపకాలు పూర్తయిపోయాయి. ఆమె వాటాకు మాత్రం ఏమీ రాలేదు.

మర్నాడు పక్క టీం స్క్రీన్లతో కుస్తీ పడుతుంటే, పక్క సీటు కుర్రాడు తొంగిచూశాడు. “ఓ, ఇదా! ఇది మా అందరి దగ్గరా ఎప్పట్నుంచో ఉందిగా అక్కా.”

“నాకెవరూ చెప్పలేదే?”

“మీరు అడగలేదుగా.”

“మరి పని తొందరగా అయిపోతే, మిగిలిన టైంలో ఏం చేస్తారు?”

“ఏముందక్కా, కాసేపు ఆడుకుంటాం, కాసేపు కొత్తవి నేర్చుకుంటాం.”

“లీడర్‌కి చెప్పరా?”

“ఎందుకు చెప్పడం?” అన్నాడు, నిజంగానే అర్థం కానట్టు.

ఆమెకు కోపం తన్నుకొచ్చింది. ఆ కుర్రాడి మీద కాదు. మిగిలిన సమయాన్ని జేబులో వేసుకోవడం అతనికి ఎవరూ నేర్పలేదు, గాలి పీల్చుకోవడమంత సహజంగా వచ్చేసింది. తనకేమో చిన్నప్పటి నుంచి దానికి తలకిందులుగా నేర్పారు. హోంవర్క్ ముందే అయితే తమ్ముడి పుస్తకాలకు అట్టలెయ్యి, వంట ముందే అయితే గూళ్ళు దులుపు. ఖాళీగా కూర్చున్నప్పుడు ఎవరైనా గదిలోకి వస్తే తప్పు చేసినట్టు చటుక్కున లేచి నిలబడే అలవాటు ఇప్పటికీ పోలేదు. ఎవరూ అడగకముందే తనే ఫోన్ చేసి, నాకు ఇంత మిగిలింది, తీసుకుపొండి అని చాటింపు వేసుకుంది. తలుచుకుంటే సిగ్గేసింది. సిగ్గు కన్నా ఎక్కువగా మొండితనం పుట్టుకొచ్చింది.

“అనుకున్నంత వేగం రావట్లేదండీ, ఆ స్క్రీన్లు నా వల్ల కాదు” అని టీం లీడర్‌కు తిప్పి ఇచ్చేసింది. “సాయంత్రాలు పెందలాడే రావడం కుదరదు” అని ఇంట్లో చెప్పింది. అబద్ధమాడినందుకు మనసు పీకుతుందేమోనని రెండు రోజులు కాచుకుని కూర్చుంది. పీకలేదు సరికదా, ఆకలి బాగా వేసింది.

ఆనాటి నుంచి పొద్దుట పూట ఆఫీసుది, మధ్యాహ్నం ఆమెది. స్క్రీన్లు భోజనం లోపే ముగించి, సాయంత్రం మాత్రమే పంపేది. మధ్యలో మందుల గురించి చదివేది, రాసేది, కొట్టేసేది, మళ్ళీ రాసేది. పిల్లకు జ్వరమొస్తే ఒక మందు, అది తగ్గకపోతే ఇంకొకటి, ఇంకో డాక్టరు దగ్గరికెళ్తే మూడోది. ఏది దేనితో తగాదా పడుతుందో ప్రోగ్రాంకు నేర్పడం ఒకరి మాట ఒకరికి పడనివాళ్ళ మధ్య ఇల్లు నడపడం లాంటిదే, అందులో ఆమెకు బోలెడంత అనుభవం ఉంది. ఒక చిక్కుముడి విడిపోయినప్పుడు కిటికీలోంచి వీధిలోకి చూస్తూ ఊరికే కూర్చునేది. ఎవరైనా వచ్చినా లేచి నిలబడేది కాదు. పని ఇంత తియ్యగా ఉంటుందని ఆమె ఎన్నడో మరిచిపోయింది.

మీటింగ్ రోజు రానే వచ్చింది. డైరెక్టరుగారు టేబుల్ చివర కూర్చున్నారు, తెల్లజుట్టావిడ, అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడరు. “మందుల ప్రాజెక్టుకి ఇద్దరు కుర్రాళ్ళని అనుకుంటున్నామండీ” అన్నాడు టీం లీడర్.

“నేను కొంత చేశాను. చూస్తారా?” అంది ఆమె.

ల్యాప్‌టాప్ తెరకు తగిలించింది. డైరెక్టరుగారు రెండు మందుల పేర్లు చెప్పారు. తెర మీద హెచ్చరిక వచ్చింది, ఎందుకు పడవో వివరంతో సహా. ఇంకో రెండు చెప్పారు. ఏమీ రాలేదు. “ఈ రెండూ పడతాయండీ” అంది ఆమె. ఆవిడ ముందుకు వంగి, వరసగా ప్రశ్నలడిగారు. ఒక్కదానికి మాత్రం “అది ఇంకా ఆలోచించాలండీ” అంది, మిగతావాటన్నిటికీ జవాబు చెప్పింది.

“మరి స్క్రీన్లు?” అన్నాడు టీం లీడర్, కాళ్ళ కింద నేల కదిలినట్టు. “మేడమ్ లేకపోతే స్క్రీన్లన్నీ ఆగిపోతాయండీ!”

“ఎందుకాగుతాయి? నా ప్లగిన్‌కు నేర్పినవన్నీ పొద్దున్నే అందరికీ పంపించాను. మూడక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కడమే. మీరు కూడా చెయ్యొచ్చు.”

ముందు పక్క సీటు కుర్రాడు నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. డైరెక్టరుగారు నవ్వకుండానే, “సోమవారం నుంచి ఈ పని ఈవిడ నడిపిస్తారు. ఆ ఇద్దరూ ఈవిడ దగ్గర చేస్తారు” అని లేచారు.

సీటుకు తిరిగొచ్చేసరికి ఆమెకు ఒళ్ళంతా తేలికైపోయింది. గట్టిగా ఈల వెయ్యాలనిపించింది గానీ, వెయ్యడం రాదు. అంతలో ఫోన్ మోగింది. భర్త.

“కళ్ళ డాక్టరు ఇవాళ సాయంత్రం రమ్మన్నాడు. నువ్వు ముందొచ్చి అమ్మని తీసుకెళ్ళు.”

“మీరు తీసుకెళ్ళండి. నాకు పనుంది.”

“పనా? అదేదో ట్యాబ్ నొక్కితే అయిపోతుందన్నావుగా! ఇంక నీకేం పని?”

అది ప్రశ్న కాదని ఇద్దరికీ తెలుసు. పెళ్ళయినప్పటి నుంచి ఆ మాట విన్నప్పుడల్లా ఆమె తలదించుకుని, అడిగిన పని చేసి పెట్టేది. ఇవాళ కుర్చీ వెనక్కి జరుపుకుని, కాళ్ళు చాపుకుని, తన పనేమిటో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.