హుస్నా కాచిన నూనె

ఆళ్లగడ్డలో హుస్నా జడ చూసి కుళ్లుకోని ఆడది లేదు. మెంతులూ గోరింటాకూ వేసి తాను కాచే నూనె మహిమేనని చెప్పేది. అత్త మస్తాన్‌బీ ఆ మాట వీధంతా చాటేది. అసలు సంగతి జుట్టు మాత్రలు! వాటి అట్టను కుట్టుమిషను సొరుగులో దాచుకుంది మహాతల్లి.

ఈమధ్య నీరసంగా ఉంటే అత్తాకోడళ్లు నంద్యాల వెళ్లి రక్తపరీక్ష చేయించారు. డాక్టరమ్మ రిపోర్టు చూసి, హుస్నా చెయ్యి పట్టుకుని, నుదురు ముడేసింది.

"దీని ప్రకారం నీ థైరాయిడ్ విపరీతంగా పనిచేస్తోంది. కానీ చెయ్యి వణకడం లేదు, నాడి నిదానంగానే ఉంది. జుట్టుకు బయోటిన్ మాత్రలేమన్నా వాడుతున్నావా? అవి ఈ పరీక్షను తప్పుదారి పట్టిస్తాయి."

హుస్నా కన్నా ముందే మస్తాన్‌బీ అందుకుంది. "మాత్రలెందుకమ్మా? ఇంట్లోనే నూనె కాస్తాది!"

హుస్నా తలూపేసింది. డాక్టరమ్మ థైరాయిడ్ తగ్గించే మందు రాసిచ్చింది.

మందుల షాపు ముందు హుస్నా ఆగిపోయింది. చెబితే వీధిలో పరువు గంగలో కలుస్తుంది. చెప్పకపోతే లేని రోగానికి మందు మింగాలి. సిగ్గుతో ఏడుపొచ్చేసింది.

"అత్తా, నేను మాత్రలేసుకుంటాండా."

"నాకు తెల్దా? దారపుండ కోసం సొరుగు తీసినప్పుడే చూసినా."

"మరి డాక్టరమ్మ కాడ అట్ల చెప్తివే?"

"అలవాటుగా నోరు జారింది. నువ్వే చెప్తావేమోనని చూస్తాండా. ఆ మందు కొనుంటే చేతిలోది లాక్కునేదాన్ని. పద తిక్కదానా, డాక్టరమ్మ కాడికి!"

సంగతి విని డాక్టరమ్మ నవ్వి, రాసిన చీటీ చించేసింది. జుట్టు మాత్రలు కొన్నాళ్లు ఆపి మళ్లీ పరీక్ష చేయించమంది. ఈసారి అంతా మామూలుగానే వచ్చింది. నీరసానికి కారణం వేళకు తినకుండా మిషను ముందు కూర్చోవడమేనని తేలింది. హుస్నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు పక్కింటి జయమ్మ ఖాళీ సీసాతో వచ్చింది. హుస్నా నిజం చెప్పేసింది.

"నా జుట్టు నూనెది కాదు, మాత్రలదే జయక్కా. నువ్వూ అట్లాంటివి వాడితే, థైరాయిడ్ పరీక్షకు ముందే డాక్టరుకు చెప్పు."

జయమ్మ సీసా మూత తీసింది.

"నీ నూనెతో వెంట్రుక పెరగదని మాకు తెల్దా? పెట్టుకుంటే నిద్ర బాగా పడతాది. పోయ్, నిండా పోయ్."