ముప్పయ్యో నిమిషం

వాన వచ్చేలోపు, వచ్చాక చేయవలసిన పనులు:
ఒకటి, రెండు గేట్ల చక్రాలకూ గ్రీజు పెట్టాలి.
రెండు, కాలువల్లో పేరుకున్న మట్టి, ప్లాస్టిక్ కవర్లు తీయించాలి.
మూడు, ఇంకుడు బావుల్లో పై ఇసుక మార్పించాలి.
నాలుగు, బావుల మూతలు సరిచూడాలి.
ఐదు, గేటు మనుషుల ఫోన్లు పనిచేస్తున్నాయో లేదో చూడాలి.
ఆరు, వాన మొదలైన ముప్పై నిమిషాలకు గేటును బావుల వైపు తిప్పాలి.

ఈ కాగితం నేనే రాశాను. కింద సంతకమూ నాదే. మొదటి ఐదు పనులూ నా కళ్ల ముందు జరిగాయి. ఆరోది జరిగిన రోజు గురించే ఇప్పుడు చెప్పాలి.

మా ఊళ్లో కుళాయి నాలుగు రోజులకొకసారి వస్తుంది. ఎండాకాలంలో ఆ నీళ్లు కూడా ఇంకుడు బావులు నింపిన భూమిలోంచి తోడినవే. వాన పడితే వీధుల నీళ్లన్నీ రెండు పెద్ద కాలువల్లోకి చేరతాయి. ఒక్కో కాలువ చివర ఒక గేటు. మొదట వచ్చేది వీధులు కడిగిన నీరు కాబట్టి దాన్ని ఊరి బయటి వాగులోకి వదిలేయాలి. తేటపడ్డాక గేటు తిప్పితే బావుల్లోకి పోతుంది. మురికి ఒకసారి భూమిలోకి దిగిందంటే తోడి పారేయడానికి అది బిందె కాదు.

తూర్పు గేటు మనిషి మా నాన్న. ఇరవై ఆరేళ్లుగా అదే చక్రం. పడమటి గేటు మనిషిని ఊరంతా గడియారం అంటారు. ఆయన డ్యూటీకి రావడం చూసి జనం చేతి గడియారాలు సరిచేసుకునేవారు. నాన్నకి తమ్ముడి వరస, నాకు బాబాయి. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లింది నేనొక్కదాన్నే. వాన నీటి విభాగంలో ఇంజనీరుగా చేరిన రోజు నుంచి నలుగురిలో ఉన్నప్పుడు నాన్న నన్ను మేడమ్‌గారు అనేవాడు. వెక్కిరింపో, మురిపెమో ఎప్పుడూ తేలలేదు.

అంతకుముందు గేటు ఎప్పుడు తిప్పాలో వాళ్లిద్దరి ఇష్టం. బాబాయి నాన్నకి ఫోన్ చేసి అడిగేవాడు. నాన్న తెల్ల పింగాణీ పళ్లెం మధ్యలో నల్ల చుక్క పెట్టి, బకెట్లో కాలువ నీళ్లు పట్టి, పళ్లెం అడుగుకి వదిలేవాడు. చుక్క కనిపిస్తే తిప్పేవాడు. ఒక పద్ధతి ఉండాలని నేను, వాన మొదలైన ఎన్ని నిమిషాలకు గేటు తిప్పారో ఐదేళ్ల లెక్కలు తీసి సగటు కట్టాను. ముప్పై నిమిషాలు వచ్చింది. ఆ ఐదేళ్లూ నెలకో రెణ్నెల్లకో వాన పడిన ఏళ్లు. ఈసారి పందొమ్మిది నెలలుగా చినుకు లేదు. ఆ తేడా నాకు తట్టలేదు.

మధ్యాహ్నం మూడూ పదికి మొదలైంది. గంటకు మించి ఉండదని, ఆ తర్వాత రెండు వారాల దాకా మేఘం లేదని వాతావరణ కేంద్రం చెప్పింది. నేను తూర్పు గేటు దగ్గరికి పరుగెత్తేసరికి జనం పోగై ఉన్నారు. చూరు కింద బకెట్లు పెట్టి వచ్చినవాళ్లు, కాలువ నిండా నీళ్లు వాగులోకి పోతుంటే చూస్తూ నిలబడ్డారు. మూలనున్న ఇస్త్రీ అతను ఊరుకోలేదు.

"మా ఇంట్లో గొంతు తడుపుకోడానికి లేదు గానీ వాగుకి మాత్రం బాగా పోస్తున్నావు పెద్దాయనా."

"నీ ఇస్త్రీ బట్టలు ఈ నీళ్లలో ముంచి ఇవ్వనా?" అన్నాడు నాన్న.

కొందరు నవ్వారు. ఎక్కువమంది నవ్వలేదు.

ముప్పయ్యో నిమిషం అయింది. నాన్న రెండు చేతులూ చక్రం మీద వేసి ఆగాడు.

"నువ్వు తిప్పమంటే తిప్పుతాను మేడమ్‌గారూ. ఒక్కసారి పళ్లెం చూసి చెప్పు."

బకెట్ మీద వంగాను. చుక్క కాదు కదా, పళ్లెమే కనిపించలేదు. నీటి మీద నూనె ఏడు రంగుల్లో తెట్టు కట్టింది. పందొమ్మిది నెలల బండ్ల నూనె, బూడిద, దుమ్ము అంతా ఇప్పుడు కదిలి వస్తోంది. ఎదురుగా నల్లబడిన ఆకాశం అప్పుడే ఒక అంచున పలచబడుతోంది. ఆగితే వాన వెళ్లిపోవచ్చు. తిప్పితే బావులు పోవచ్చు.

ఆగమన్నాను.

"మరి పడమటి గేటుకి?" అన్నాడు నాన్న.

అక్కడే నేను తప్పు చేశాను. బాబాయికి ఫోన్ చేయాల్సింది. సంతకం పెట్టిన ఆర్డరు కదా, మార్చాలంటే పై అనుమతి కావాలి కదా అని ముందు ఆఫీసరుగారికి చేశాను. ఆయన ఎందుకన్నారు, ఎంతసేపన్నారు, బాధ్యత ఎవరిదన్నారు. నాదేనన్నాను. సరే మీ ఇష్టమన్నారు. ఆ మాటలు అయ్యేసరికి ముప్పై ఆరో నిమిషం. గేటు ఒక వైపు నుంచి రెండో వైపుకు మారడానికి చక్రం అరవై చుట్లు తిరగాలి. సరిగ్గా ఆరు నిమిషాల పని.

"పూర్తయిందమ్మా," అన్నాడు బాబాయి ఫోన్లో. రొప్పుతున్నాడు, గొంతులో సంతోషం దాగలేదు. "ముప్పయ్యో నిమిషానికి చెయ్యి వేశాను. సెకను తేడా లేదు."

వెనక్కి తిప్పేయమన్నాను. ఎందుకని అడగలేదు. ఫోన్ పెట్టేయడం కూడా మరిచి మొదలుపెట్టాడు. చక్రం కీచుమనడం, ఆయన చుట్లు లెక్కపెట్టడం నాకు వినిపిస్తూనే ఉంది. అరవై దాకా విన్నాను.

ఇటు వాన సన్నబడింది. ఇస్త్రీ అతను చక్రం దగ్గరకొచ్చి తనే తిప్పుతానన్నాడు. అతని వెనక నలుగురు కదిలారు. నాన్న చక్రానికి వీపు ఆనించి నిలబడ్డాడు. నేను బకెట్ తెచ్చి అందరి మధ్యా పెట్టి, ఇందులోది ఎవరైనా ఒక గ్లాసు తాగితే ఇప్పుడే తిప్పిస్తానన్నాను. ఇస్త్రీ అతను వంగి వాసన చూశాడు. పక్కకు తప్పుకున్నాడు. ఆ తర్వాత పట్టిన ప్రతి బకెట్ మీదా అందరి తలలూ వంగాయి. నలభై తొమ్మిదో నిమిషంలో ఎవరో ఆడమనిషి మెల్లగా, చుక్క, అంది. నాన్న నా వైపు చూశాడు. తల ఊపాను. తిప్పాడు. ఇస్త్రీ అతను కూడా ఒక చెయ్యి వేశాడు.

ఇంకో పావుగంటలో వాన ఆగిపోయింది. కాలువ మరో అరగంట పారింది. తూర్పు బావుల కింద నీటి మట్టం పది అడుగులు లేస్తుందనుకున్నాం, నాలుగు లేచింది. ఆ నాలుగడుగులే ఎండాకాలం దాటించాయి. పడమటి వైపు మూడు బావుల నీళ్లు పరీక్షలో పనికిరానివని తేలాయి. మూతల మీద ఎర్ర రంగు పూశారు. ఆ మూడు వీధులూ ఇప్పటికీ ట్యాంకరు కోసం నిలబడుతున్నాయి.

విచారణ కాగితంలో, పడమటి గేటు మనిషి నీటిని గమనించలేదు అని రాశారు. ఆరో అంశం నాదని, ఫోన్ ఆలస్యం చేసింది కూడా నేనేనని రాసిచ్చాను. కొత్త ఉద్యోగం, ఎందుకమ్మా అన్నారు ఆఫీసరుగారు. అయినా ఇచ్చాను. నాకు ఒక మెమో వచ్చింది. అప్పటికే బాబాయిని గేటు నుంచి తీసి పైపుల గోడౌనుకి మార్చారు. మళ్లీ పాత చోటికి వేయమని మూడుసార్లు రాశాను, జవాబు లేదు.

కొత్త కాగితంలో నిమిషాలు లేవు, పళ్లెం ఉంది. అది చూపించడానికి గోడౌనుకి వెళ్లాను. బాబాయి చేతికి గడియారం లేదు. క్షమించమని అడిగితే, పైపుల మీద దుమ్ము తుడుస్తూనే మాట్లాడాడు.

"నాకూ వాసన వచ్చిందమ్మా. మీ నాన్నకి ఫోన్ చేద్దామనుకున్నాను. చదువుకున్నదానివి, రాశావంటే చూసే రాసి ఉంటావులే అని ఊరుకున్నాను."

ఈ ఊళ్లో కుళాయి తిప్పినప్పుడల్లా జనం మా నాన్నని తలుచుకుంటారు. తలుచుకోవాల్సిందే. నేను అడిగేది ఇంకొకరి గురించి. మీలో ఎవరైనా, ఎక్కడైనా, ఇంకొకరు చేయవలసిన పనిని కాగితం మీద రాసి సంతకం పెట్టబోతుంటే, ఒక్క క్షణం ఆగి మా గడియారం బాబాయిని గుర్తు చేసుకోండి.