గాలం కర్రకి లూజెందుకు

టైలరమ్మకి విరిగింది మణికట్టే గాని నోరు కాదు. ఆ సంగతి రేవులో అందరికీ తెలుసు, ఒక్క ఆవిడ అన్నయ్యకి తప్ప. ఆయనకీ తెలుసులెండి, మరిచిపోయి ఉంటాడు. లేకపోతే చెల్లెలు ఆసుపత్రికి వెళ్ళిన పూట చూసుకుని, మాటమాత్రం చెప్పకుండా ఆమె పడవలో డ్రిల్లు మిషను పెడతాడా?

పడవ పెద్దదేం కాదు. పద్నాలుగడుగులు. వెనక ఓ చిన్న మోటారు, మధ్యలో రెండు అడ్డబల్లలు, ముందు సామాన్లకి ఓ మూత ఉన్న గూడు, ఇవి కాక అయిదు గాలం కర్రలు. నలభై ఏళ్ళు దుకాణంలో కూర్చుని, ఊరందరి నడుములూ భుజాలూ కొలిచి, వాళ్ళ కాపురాల గొడవలన్నీ వద్దన్నా చెవిన వేసుకుని, ఆ సంపాదనతో కొనుక్కున్న పడవ అది. నీళ్ళ మీద ఎవరూ "చేతులు బిగుతయ్యాయమ్మా" అనరు. "ఎల్లుండి కల్లా కావాలి" అనరు. చేప కూడా తన కొలతేదో తనే తెచ్చుకుంటుంది. అందుకే వారానికి మూడు రోజులు ఒంటరిగా వెళ్ళేది. ఒంటరిగా అన్న ఆ ముక్క గట్టిగా పట్టుకోండి, ఈ గొడవంతా దాని కోసమే.

అయితే కర్రలకంటూ ఓ చోటుండేది కాదు. పడవ అడుగున పడుకోబెట్టేది. రెండు నెలల కిందట రేవుకి తిరిగొచ్చి, దిగబోతూ ఓ కర్ర మీద కాలేసింది. కర్ర దొర్లింది, కర్రతో పాటు ఆవిడా దొర్లింది, అడ్డబల్ల అంచుకి కుడి మణికట్టు తగిలి ఫట్‌మంది. పక్క పడవలో ఉన్న అన్నయ్య దూకి వచ్చి లేవదీశాడు. కట్టు విప్పాక చూసుకుంటే బొటనవేలు చూపుడువేలితో కలవనంటోంది. డాక్టరు "మెల్లగా వస్తుంది" అన్నాడు. ఎప్పటికి అనడిగితే కిటికీలోంచి బయటికి చూశాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, సరిగ్గా అప్పుడే రేవు ఆఫీసు గోడకి ఓ కాగితం అంటించారు. ఒంటరిగా వెళ్ళే పడవల్లో అడుగున ఏ సామానూ దొర్లకూడదట. వెళ్ళే మనిషి ప్రతి సామానూ ఎవరి సాయమూ లేకుండా తీసి, మళ్ళీ పెట్టగలగాలట. శనివారం తనిఖీ. తప్పితే ఏడాదిపాటు తోడు లేకుండా పడవ కదలడానికి వీల్లేదు.

తోడంటే ఎవరున్నారు? భర్త లెక్కల మాస్టారు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు గాని భయం నుంచి కాలేదు, బకెట్లో నీళ్ళు ఊగినా కళ్ళు మూసుకునే మనిషి. ఇక మిగిలింది అన్నయ్యే. ఆయన అప్పటికే సిద్ధమై కూర్చున్నాడు. "నీకెందుకమ్మా ఈ తిప్పలు, వారానికోసారి నా పడవలో కూర్చోబెట్టి తిప్పుకొస్తాగా" అన్నాడు. చంటిపిల్లని తోపుడు బండిలో తిప్పుతానన్నట్టే వినిపించింది ఆవిడకి. ఒళ్ళు మండిపోయింది.

సోమవారం ఆసుపత్రిలో చేతికి కసరత్తు చేయించుకుని రేవుకి వచ్చేసరికి, అన్నయ్య ఆమె పడవలో మోకాళ్ళ మీద కూర్చుని చెక్కపొట్టు ఊదుతున్నాడు.

"ఏంటన్నయ్యా ఇది?"

"స్టాండు. స్టీలుది. పాతికేళ్ళయినా ఊడదు."

పడవ కుడిపక్క గోడకి లోపలివైపు ఎనిమిది బోల్టులు. వాటికి స్ప్రింగు క్లిప్పులు. బొటనవేలితో గట్టిగా నొక్కితే గాని అవి నోరు తెరవవు.

"కుడిపక్క పెట్టావేం?"

"అందరూ అటే పెట్టుకుంటారు."

"నా కుడిచెయ్యి ఇప్పుడు అందరి చెయ్యిలాంటిది కాదుగా."

"బాగయ్యాక వాడుకో. అప్పటిదాకా నేనున్నాగా."

"బాగవకపోతే?"

అన్నయ్య తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "బాగవకపోతే ఇంక పడవెందుకమ్మా?"

ఆ మాట తగిలింది. ఎముక విరిగినప్పుడు కూడా ఆవిడకి అంత నొప్పి పుట్టలేదు.

"నా పడవకి నన్నడక్కుండా ఎనిమిది చిల్లులు పెట్టి, పైగా పడవెందుకని నన్నే అడుగుతున్నావా? లే అక్కణ్ణించి" అంది. ఆయన చేతిలోంచి స్పానరు లాక్కుని ఎడమచేత్తోనే మొదటి బోల్టు మొదలుపెట్టింది. జారింది. మళ్ళీ పట్టింది. ఎనిమిది బోల్టులూ ఊడేసరికి మధ్యాహ్నమైంది. చిల్లుల్లో చెక్క బిరడాలు కొట్టి లప్పం పూసింది. క్లిప్పులన్నీ సంచిలో పోసి అన్నయ్య చేతికిచ్చింది.

"నీకు చిన్నప్పట్నించీ ఇంతే. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు" అన్నాడాయన.

"నా కుందేలుకి నిజంగానే మూడు కాళ్ళున్నాయిప్పుడు. మూడిటితోనే పరిగెత్తిస్తా, చూస్తూండు."

ఇంటికి వెళ్ళి, దుకాణం ముందు ఎండకి కట్టే పాత కాన్వాసు అటక మీంచి దింపించింది. దింపినవాడు మాస్టారే. మొండివాడు రాజుకన్నా బలవంతుడని దుమ్ము దులుపుకుంటూ గొణిగాడు.

ఆవిడ ఆలోచన సులువైనదే. పడవ ఎడమపక్క, లోపలి అంచు పొడవునా ఓ చెక్క పట్టీ ముందే ఉంది. గుడ్డని దానికి చుట్టి కట్టేస్తే ఒక్క చిల్లు కూడా అక్కర్లేదు. ముందు ముక్కకి అయిదు ఒరలు కుడుతుంది, కర్రల కొసలు వాటిలో దూరతాయి. వెనక ముక్కకి అయిదు అరలు, పిడులు వాటిలో కూర్చుంటాయి, పైన వెల్క్రో పట్టీలు. గాలం దారం చుట్టే రీళ్ళు బయటికే వేలాడతాయి. బొటనవేలితో పనే లేదు. అరచేత్తో ఓ చరుపు చరిస్తే పట్టీ అంటుకుంటుంది, లాగితే వస్తుంది.

తొక్కుడు మిషను దగ్గర అసలు కష్టం మొదలైంది. ఎప్పుడూ కుడిచెయ్యి చక్రాన్ని తిప్పేది, ఎడమచెయ్యి గుడ్డని నడిపేది. ఇప్పుడు రెండు పనులూ ఒకే చెయ్యి చెయ్యాలి. "చక్రం నేను తిప్పనా?" అన్నాడు మాస్టారు. "మీరు సూదిలో దారం ఎక్కించండి, చాలు" అంది. ఆయన కళ్ళజోడు పైకీ కిందికీ జరుపుకుంటూ, ఒక్కో దారానికి ఓ పెద్ద లెక్క చేసినంతసేపు తీసుకున్నాడు. మొత్తానికి బుధవారం సాయంత్రానికి పని పూర్తయింది.

గురువారం పొద్దున్నే పడవకి కట్టి, అయిదు కర్రలూ ఎడమచేత్తో టకటకా పెట్టేసింది. మాస్టారు గట్టు అంచుకి పదడుగుల దూరంలో నిలబడి చప్పట్లు కొట్టాడు. అన్నయ్య వచ్చాడు. పడవ అంచు మీద కాలు పెట్టి రెండుసార్లు ఊపాడు. అంతే, బడి గంట కొట్టినట్టు అయిదు కర్రలూ ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చేశాయి. ఆఖరిది దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా ఆవిడ పాదం దగ్గర ఆగింది. చూశావా అని కూడా అనలేదు అన్నయ్య. అని ఉంటే తిట్టిపోసేది. అనకపోవడమే ఎక్కువ కాల్చింది.

ఆయన వెళ్ళాక మాస్టారు గట్టు మీంచే అడిగాడు. "ఒరలకి ఎంత వదిలావేమిటి?"

"ఎప్పుడూ వదిలేదే. ఒకటిన్నరంగుళం."

"ఎందుకు?"

"ఒళ్ళు చేస్తే మళ్ళీ..." అని ఆగిపోయింది.

"కర్రలు ఒళ్ళు చెయ్యవే" అన్నాడు మాస్టారు, చాలా మర్యాదగా.

నలభై ఏళ్ళ అలవాటు మరి. కొలతిచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కోని మనిషిని ఆవిడ ఇంతవరకూ చూడలేదు. అందుకని టేపు ఎంత చూపినా, చెయ్యి దానంతటది సుద్దగీతని కాస్త బయటికి జరిపేస్తుంది. బొటనవేలంత లావు లేని కర్రకి కూడా, పాపం, రేపు రెండు ముద్దలు ఎక్కువ తింటుందేమోనని లూజు వదిలేసింది. ఇంత తెలివితక్కువ పని లోకంలో టైలరు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు.

గుడ్డనీ కర్రల్నీ ఇంటికి మోయించుకొచ్చి, శుక్రవారం పొద్దుట్నించీ విప్పడమే. కుట్టినదాన్ని తన చేత్తో తనే విప్పుకోవడం టైలరుకి చెంపదెబ్బలాంటిది. ఆవిడ దుకాణంలోంచి వెళ్ళిన బట్ట మళ్ళీ గుమ్మం తొక్కేది కాదని పేరు. ఇప్పుడు పది కుట్లు, ఒకే చెయ్యి, గుడ్డని కదలకుండా నొక్కిపట్టడానికి మోచెయ్యి. మూడో కుట్టు దగ్గర బ్లేడు జారి వేలు తెగింది. కుర్చీలో వెనక్కి వాలింది. భయమేసింది. శనివారం ఇంక ఒక్క రాత్రి దూరంలో ఉంది.

మాస్టారు వేలికి గుడ్డ చుడుతూ, "పోనీ బావగారితోనే వెళ్ళకూడదూ? ఏడాదేగా" అన్నాడు.

"ఏడాది తోడుతో వెళ్తే, ఆ తర్వాత ఒంటరిగా వెళ్ళాలని నాకే అనిపించదండీ. వాళ్ళు ఆపుతారని కాదు నా భయం. నేనే ఆగిపోతాను."

మాస్టారు లేచాడు. హాల్లోంచి కర్రలు ఒక్కొక్కటే తెచ్చి మిషను పక్కన నిలబెట్టాడు. ఆవిడ ఒక్కోదాన్నీ కొస దగ్గర, నడుము దగ్గర, పిడి దగ్గర వేరువేరుగా కొలిచింది. గీత మీదే కుట్టింది. చెయ్యి రెండుసార్లు బయటికి జరగబోతే రెండుసార్లూ దాన్ని తిట్టింది. చీకటి పడకముందే అయిదు కర్రలూ అయిదు ఒరల్లో బిగుతుగా కూర్చున్నాయి. గుడ్డని తలకిందులుగా పట్టుకుని దులిపినా ఒక్కటీ రాలలేదు.

శనివారం పొద్దున రేవు ఆఫీసు సూపర్‌వైజరు ఫైలు చంకలో పెట్టుకుని దిగాడు. రేవులో ఆయన్ని అందరూ రూలుకర్ర అంటారు, ఆయన ముందు కాదు లెండి. అన్నయ్య కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఇది గుడ్డ కదా టైలరమ్మా" అన్నాడు రూలుకర్ర.

"గుడ్డ వద్దని మీ కాగితంలో ఉందా?"

ఆయన కాగితం తీసి చదివాడు. లేదు. "సరే, తీసి పెట్టి చూపించండి."

ఆవిడ బల్ల మీద కూర్చుని ఎడమచేత్తో ఒక్కో కర్రా తీసింది, అయిదూ తీశాక అయిదూ పెట్టింది. పట్టీలు పట్ పట్ మని అంటుకున్నాయి.

"కుడిచేత్తో?"

"ఏ చేత్తోనో రాశారా?"

మళ్ళీ చదివాడు. అదీ లేదు. "అయితే ఓసారి నీళ్ళ మీద చూడాలి" అని అడ్డబల్ల మీద కూర్చున్నాడు. ఆవిడ లేచేలోపలే అన్నయ్య మోటారు దగ్గరికి దూకేశాడు. నడిపాడు కూడా ఎలా నడిపాడనుకున్నారు! అటు పెద్ద లాంచీ వెళ్తుంటే, అది లేపిన అలలకి అడ్డంగా పోనిచ్చాడు. పడవ ఎగిరి పడింది. మళ్ళీ ఎగిరి పడింది. రూలుకర్ర ఫైలు ఒళ్ళోంచి జారి అడుగున నీళ్ళలో పడింది. ఆయన టోపీ పోబోతే రెండు చేతులా పట్టుకున్నాడు. కర్రలు మాత్రం కదల్లేదు. రీళ్ళు కాస్త ఊగి ఊరుకున్నాయి.

"మొత్తం పడవలో దొర్లింది మీ ఫైలొక్కటే" అంది టైలరమ్మ.

రేవుకి వచ్చాక ఆయన తడిసిన కాగితం మీదే సంతకం పెట్టాడు. 'ఒంటరిగా వెళ్ళవచ్చును' అని రాసి చేతికిచ్చి, తడి బూట్లు చప్పుడు చేసుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

అన్నయ్య దిగలేదు. మోటారు దగ్గర అలాగే కూర్చున్నాడు.

"పద, ఇవాళ్టికి నేనూ వస్తా. కాస్త అలవాటయ్యేదాకా."

"కాగితం చూశావుగా."

"ఆ కాగితం రాసినవాడు నిన్ను ఎత్తలేదమ్మా. నేనెత్తాను." అన్నయ్య మోటారు పిడి వదల్లేదు. "నీ చెయ్యి అటు తిరిగిపోయి వేలాడుతుంటే పట్టుకుంది నేను. ఆ రోజునించీ నువ్వు నీళ్ళ మీదికి వెళ్తానంటే చాలు, నాకు మళ్ళీ ఆ ఫట్‌మన్న చప్పుడే వినిపిస్తోంది. ఆ బోల్టులు నీ కోసం కాదు. నా కోసం బిగించుకున్నా."

ఆవిడ కాగితం మడిచి నడుములో దోపుకుంది. అన్నయ్య మీద ప్రేమ లేక కాదు. ఉంది, కావలసినంత ఉంది. కాని ఇప్పుడు మెత్తబడిందంటే ఆయన ఆ బల్ల మీదే ఏడాదంతా కూర్చుంటాడు. అప్పుడు తను ముందు కూర్చుని, ఎటు తిప్పమంటే అటు తిరిగే మనిషైపోతుంది.

"నీ భయం నీ పడవలో పెట్టుకో అన్నయ్యా" అంది. "నాదాంట్లో అయిదు కర్రలకే చోటు కుట్టాను. దిగు."

ఆయన మోటారు పిడి వదిలాడు. తర్వాత దిగాడు.

ఆవిడ మోటారు తాడు ఎడమచేత్తో లాగింది. గురగురమని ఊరుకుంది. రెండోసారి లాగింది. గట్టు మీద అన్నయ్య ఓ అడుగు ముందుకేశాడు. ఆవిడ తలెత్తి చూసింది. ఆయన ఆ అడుగు వెనక్కి తీసుకుని, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మూడోసారికి మోటారు అందుకుంది. కట్టుతాడు తనే విప్పుకుని పడవని తిప్పుకుంది. ఆమె కనబడినంతసేపూ అన్నయ్య తన చేతుల్ని తనే గట్టిగా పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.