బొక్కలు లేనోళ్ల మందు

వెంకటనర్సమ్మ వాకిట్లో తడి అలుకు మీద కాలు జారి పడింది. చెయ్యి ఆనించేసరికి మణికట్టు పుటుక్కుమంది. ఊళ్లో కట్టించుకున్న కట్టు విప్పినా నొప్పి పోలేదు. మొగుడు భిక్షపతి బతిమాలి, కట్టంగూర్‌లో బస్సెక్కించి, నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాడు.

డాక్టరు కుర్రవాడు. కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి వారం కాలేదు.

"ఏమిటమ్మా బాధ?"

"బొక్కలు నొస్తున్నయ్ సారూ."

డాక్టరు పెదవి విరిచాడు. ఆయన ఊళ్లో బొక్కంటే చిల్లు. ఇక్కడ బొక్కంటే ఎముక. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, ఆయన అడగనూ లేదు. చేతికి ఫోటో తీయించి, వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

"చూడు, నిండా బొక్కలే. రోజూ ఈ బిళ్ల మింగాలి. మానేసి మళ్లీ పడ్డావో, తుంటి విరుగుతుంది. మంచం దిగవు."

బిళ్లల పొట్లం చేతిలో పెట్టి ఆయన ఇంకో రోగిని పిలిచాడు. వెంకటనర్సమ్మ దవాఖాన మెట్లు రాణిలా దిగింది.

"ఇన్నవా? నా వంటి నిండ బొక్కలేనట. గట్టి వొళ్లు. గిసొంటి దానికి మందెందుకు?"

"మందు మింగుమన్నడు గదనే," అన్నాడు భిక్షపతి. అతనికీ డాక్టరు మాట అర్థం కాలేదు. తుంటి సంగతి మాత్రం చెవిలో పడింది. తుంటి విరిగితే ఆమె చీరలు నేసే మగ్గం గుంతలోకి దిగలేదు. మగ్గం లేకపోతే ఆమె బతకలేదని అతనికి తెలుసు.

"డాక్టరన్నంక ఏదో ఒకటి ఇయ్యాలె గద. గొర్లకెయ్యి గీ బిళ్లలు," అంది ఆమె. ఇల్లు చేరగానే పొట్లం పేడకుప్ప మీదికి విసిరేసింది.

పక్కింటి ఆండాళు నడుము వంగిన మనిషి. ఆమెకూ దవాఖానలో అవే బిళ్లలిచ్చారు. పొద్దున్నే చెంబుతో నీళ్లు పట్టుకుని, దండం పెట్టుకుని మరీ మింగేది. వెంకటనర్సమ్మ గోడ మీంచి చూసి నవ్వేది.

"మింగు మింగు. బొక్కలు లేనోళ్ల మందు అది."

"నీకు మస్తున్నయి గదా అక్కా, నాకెందుకు కుళ్లు," అనేది ఆండాళు. బిళ్ల మాత్రం మానలేదు.

వానలు పడ్డాయి. నొప్పి చేతి నుంచి వీపుకు పాకింది. గుంతలోకి దిగేటప్పుడు వెంకటనర్సమ్మ గుంజ పట్టుకోవడం మొదలుపెట్టింది. భిక్షపతి చూస్తే చెయ్యి తీసేసేది.

ఒకనాడు చీరలు కొనడానికి గుంటూరు వ్యాపారి వచ్చాడు. ఆమె నేసిన చీర విప్పి, ఎండకు పట్టి, మడిచి పక్కన పడేశాడు.

"ఇది వద్దమ్మా. బొక్క ఉంది."

వెంకటనర్సమ్మ అతణ్ణి పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "చీరకు బొక్కేందయ్యా? మనిషికుంటది, మేకకుంటది. బట్టకుంటదా? అక్షరం ముక్క రానోని లెక్క మాట్లాడుతున్నవ్."

వ్యాపారి చీర మళ్లీ విప్పాడు. అంచు పక్కన చిన్న చిల్లు. అందులోంచి వేలు పెట్టి ఆమె ముందు ఆడించాడు. "ఇదుగో బొక్క. కళ్లు కనపడవా?"

"అది పొక్క," అన్నాడు భిక్షపతి.

"మీరు పొక్క అనుకోండి. మావైపు బొక్కే."

భిక్షపతి చీర అందుకుని ఆ చిల్లు తడిమాడు. "అంటే గా డాక్టరు..." అని ఆగిపోయాడు.

వెంకటనర్సమ్మ తన మణికట్టు వైపు చూసుకుంది. లోపల నిండా పొక్కలు. జల్లెడ. ఇన్ని నెలలు జల్లెడను చూసుకుని మురిసింది. చీర లాక్కుని లేవబోతే వీపు పట్టేసింది. గుంజ అందలేదు. భిక్షపతి చెయ్యి పట్టుకుంది.

"రేపు పొద్దున బస్సుకు పోదాం," అన్నాడతను మెల్లగా.

"రేపటి దాంక ఆగేదుందా."

ఆమె గోడ చుట్టూ తిరిగి, ఒక్కో అడుగూ చూసుకుంటూ, ఆండాళు వాకిట్లోకి వెళ్లింది. గోడకవతల అన్నీ విన్న ఆండాళు నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. లోపలికి పోయి బిళ్ల, చెంబు తెచ్చింది.

"నమిలి మింగక్కా, చేదుండదు."

"నీ మొఖం చూసుకుంట మింగుడే చేదు. అటు తిరుగు," అంది వెంకటనర్సమ్మ.

ఆండాళు తిరగలేదు. వెంకటనర్సమ్మ ఆమెను చూస్తూనే బిళ్ల మింగింది.